మేక మెచ్చిన గిన్నె

పీరమ్మవ్వ దగ్గర మట్టిపని నేర్చుకునే వాళ్ళందరికీ అలమరలో తలా ఒక గిన్నె ఉంది. పళ్ళ డాక్టరు మాల్యాద్రికి మాత్రం స్టీలు గ్లాసే గతి.

ఇందులో అంత బాధపడాల్సిందేముంది అంటారా? అక్కడి పద్ధతి తెలిస్తే అట్లా అనరు.

కావలి దాటాక సముద్రం వైపు తిరిగే దారిలో, జీడిమామిడి తోట మధ్యలో అవ్వ ఇల్లు. పక్కన రేకుల షెడ్డు, వెనక ఇటుకల బట్టీ. ఆదివారం పొద్దున్నే శిష్యులు దిగుతారు. పొట్టకూటి కోసం వచ్చేవాళ్ళు కారు. ఒకరు బస్సు కండక్టరు, ఒకరు లెక్కల టీచరు, ఇట్లా ఎవరి ఉద్యోగం వాళ్ళకుంది. వారమంతా ఎవరి గొడవ వాళ్ళు పడి, ఆదివారం ఇంత మట్టి పిసికి, సారె మీద తిప్పి, గిన్నెలు చేసుకుని మురిసిపోయే మనుషులు. మధ్యాహ్నం అవ్వ అందరికీ రాగి అంబలి పోస్తుంది, నంజుకోడానికి ఉల్లిపాయ. ఎవరు చేసిన గిన్నెలో వాళ్ళు తాగాలి. సొంత గిన్నె లేనివాళ్ళ కోసం గూట్లో ఒక స్టీలు గ్లాసు ఉంటుంది.

చేసిన ప్రతి గిన్నే అలమర ఎక్కదు. బట్టీలోంచి తీయగానే అవ్వ దాంట్లో అంబలి పోసుకుని ముందు తను తాగుతుంది. నచ్చితే కడిగి అలమరలో పెడుతుంది. నచ్చకపోతే "ఇంకోటి చెయ్యి నాయనా" అంటుంది. అంతకు మించి ఒక్క ముక్క చెప్పదు.

అవ్వకు చెప్పడం రాక కాదు. పాలిటెక్నిక్ కాలేజీలో పింగాణీ పాఠాలు చెప్పీ చెప్పీ రిటైరైన మనిషి. "మాట్లాడాల్సిందంతా అక్కడే మాట్లాడేశా, ఇంక నాకు ఓపిక లేదు" అంటుంది. ఆవిడకు పని నేర్పిన గురువు ఒక ఫకీరట. ఆయనా మాటల మనిషి కాదట. మట్టి ముద్దను తీగతో కోసే ముందు ఇద్దరూ అనేది ఒకటే మాట, బిస్మిల్లా.

మాల్యాద్రికి ఇదంతా తెలుసు. అసలు మాల్యాద్రికి తెలియనిది లేదు. అదే వచ్చిన చిక్కు.

"మట్టిలో గాలి బుడగ ఉంటే..." అని ఎప్పుడన్నా అవ్వ మొదలుపెట్టేది.

"తెలుసవ్వా" అనేవాడు మన డాక్టరు.

"ఆరకుండా బట్టీలో పెడితే..."

"తెలుసవ్వా. నేను రోజూ పింగాణీ పళ్ళు పెడుతుంటా గదా! ఇదీ అదీ ఒకటే జాతి."

అవ్వ నోరు మూసుకుని తన పని తను చూసుకునేది. ఆ గిన్నె కాస్తా బట్టీలో టపాకాయలా పేలేది. తర్వాతది అంచు దగ్గర చీలేది. ఆ తర్వాతది రోలంత బరువుండేది. అవ్వ దాన్ని ఎత్తి, గుటక వేసి, ముంజేయి నొక్కుకుంటూ "ఇంకోటి చెయ్యి నాయనా" అంది.

తన తర్వాత చేరిన కండక్టరు జిలాని గిన్నె కూడా అలమర ఎక్కేసింది. అదేమైనా అందంగా ఉందా అంటే, ఒకవైపుకు ఒరిగి, కిటికీ పక్కన కునికిపాట్లు పడే ప్రయాణికుడి లాగుంది. అయినా అవ్వ దాంట్లో అంబలి తాగి "భేష్" అంది. ఆ రోజు మాల్యాద్రికి స్టీలు గ్లాసులో అంబలి గొంతు దిగలేదు.

ఇంటికి పోయి భార్య హైమావతి దగ్గర వెళ్ళబోసుకున్నాడు. ఆవిడ దోసె తిరగేస్తూ విన్నది.

"పోనీ లెండి, వేణువు కొన్నారు, మానేశారు. గులాబీ మొక్కలు పెంచారు, మానేశారు. ఇదీ అంతే" అంది. ఎగతాళిగా అనలేదు, ఓదార్పుగానే అంది. కానీ డాక్టరుకు రోషం పొడుచుకొచ్చింది.

"ఇది అట్లాంటిది కాదు. ఈసారి నా గిన్నె అలమర ఎక్కకపోతే, జన్మలో మట్టి ముట్టను. ఒట్టు!"

అన్నాక నాలుక కరుచుకున్నాడు. ఎందుకంటే, గిన్నెలు పేలినా పగిలినా, ఆ పని అంటే అతనికి ప్రాణం. సోమవారం నుంచే ఆదివారం కోసం ఎదురుచూసేవాడు. వారమంతా నోళ్ళు తెరిపించి లోపలికి తొంగి చూసే మనిషికి, తడి మట్టి చేతుల మధ్య మెత్తగా పైకి లేస్తుంటే ఒళ్ళంతా హాయిగా ఉండేది. అది పోతే ఆదివారాలు ఏం చేసుకోవాలో అతనికే తెలియదు. కానీ ఒట్టు పెట్టేశాడు. హైమావతి విన్నది కూడా.

ఈసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేశాడు. పల్చగా, గుండ్రంగా, రెండు దోసిళ్ళ మధ్య ఒదిగే గిన్నె తయారైంది. నిదానంగా ఆరింది. మొదటిసారి కాల్చినప్పుడు పేలలేదు, చీలలేదు. ఇక మిగిలింది గ్లేజు పూత. చూడ్డానికి మజ్జిగ తేటలా ఉంటుంది గానీ, ఆ పూతలో ముంచి మళ్ళీ బట్టీలో కాలిస్తే, అది కరిగి గిన్నె మీద గాజులా మెరుస్తుంది.

ముంచే ముందు అవ్వ అందరికీ చెప్పే మాట ఒకటుంది. "గిన్నె పాదం తుడవండి." గిన్నె నేల మీద ఆనే చోటును అక్కడ పాదం అంటారు. ఆ చోట పూత లేకుండా తడి స్పాంజితో తుడిచెయ్యాలి.

"పాదం ఎందుకు..." అని అవ్వ నోరు తెరవబోయింది.

"తెలుసవ్వా" అన్నాడు మాల్యాద్రి.

నిజానికి అతనికి తెలిసింది వేరే. ప్రతి ఆదివారం అంబలి తాగాక అందరూ గిన్నెలు కడిగి అలమరలో బోర్లిస్తారు. ఎంత నిగనిగలాడే గిన్నె అయినా, దాని పాదం మాత్రం ఉత్త మట్టి రంగులో, గరుగ్గా, బోడిగా కనిపించేది. అది చూసినప్పుడల్లా డాక్టరుకు పళ్ళు జిల్లుమనేవి. అతని లెక్కలో పూత లేని చోటంటే పుచ్చు పట్టే చోటు. ఇంత బాగా చేసి అడుగున అట్లా ఎట్లా వదిలేస్తారు? అవ్వకు పాత కాలం అలవాటు అనుకున్నాడు. వయసు మీద పడింది గదా, చూపు ఆనుతుందో లేదో అని కూడా అనుకున్నాడు.

అందుకని ఏం చేశాడంటే, అవ్వ చూస్తుండగా పాదం శుభ్రంగా తుడిచాడు. ఆవిడ అటు తిరగ్గానే షెడ్డు వెనక్కి పోయి, కుంచెతో దాని మీద దట్టంగా పూత పట్టించాడు. వెంట్రుకవాసి కూడా వదల్లేదు. పన్ను నింపినట్టు నింపేశాడు.

ఆ సమయంలో అతన్ని చూసింది అవ్వ మేక ఒక్కటే. దాని పేరు బేగం. మహా పొగరుబోతు. నీళ్ళ తొట్టి పెడితే తొట్టి తన్నేస్తుంది, బకెట్ పెడితే బకెట్ దొర్లించేస్తుంది. అవ్వ రోజుకు ఎన్నిసార్లు నీళ్ళు పట్టాలో ఆవిడకే ఎరుక. ఆ వేళ కూడా ఒక బకెట్ దొర్లించి డాక్టరు ప్యాంటు తడిపి, తన దారిన తను పోయింది.

బట్టీలో సరుకు పేర్చేది ఎప్పుడూ అవ్వే. లోపల అంచెలంచెలుగా మందపు పలకలుంటాయి. వాటి మీద గిన్నెలు పెడుతుంది. మాల్యాద్రి గిన్నె అందించాడు. అవ్వ దాన్ని చేతిలోకి తీసుకుని, ఒక్క క్షణం ఆగింది.

"పాదం తుడిచావా డాక్టరూ?"

"మీ ముందే తుడిచా గదవ్వా!"

అబద్ధమేం కాదు మరి.

అవ్వ "ఊఁ" అంది. తర్వాత జిలానిని పిలిచి, మూల ఆనించి ఉన్న ఒక పలక తెప్పించింది. దాన్ని అన్నిటికన్నా కింద వేసి, మాల్యాద్రి గిన్నె ఒక్కదాన్నే దాని మీద పెట్టింది. మిగతా గిన్నెలన్నీ పై పలకల మీద ఇరుకిరుగ్గా సర్దుకున్నాయి.

చూశారా! తన గిన్నెకు వేరే పీట! మాల్యాద్రి గాల్లో తేలుతూ ఇంటికెళ్ళాడు.

"ఈ ఆదివారం నువ్వు కూడా రావాలి" అన్నాడు హైమావతితో. "అవ్వ నా గిన్నెకు ప్రత్యేకంగా ఒక పలక కేటాయించింది. ఎవరికీ ఇవ్వలేదు అట్లా."

"అబ్బో, కుర్చీ వేశారన్నమాట!" అంది హైమావతి. అన్నదే గానీ, ఆదివారం నాడు మంచి చీర కట్టుకుని, అందరికీ చక్కిలాలు డబ్బాలో పెట్టుకుని మరీ బయల్దేరింది.

బట్టీ తెరవడం అంటే అక్కడ పండగే. అందరూ చుట్టూ చేరారు. అవ్వ బిస్మిల్లా అని తలుపు ఇటుకలు ఒక్కొక్కటే తీసింది. లోపల్నుంచి ఇంకా గోరువెచ్చని గాలి వస్తోంది. పై పలకల మీద గిన్నెలు ఒక్కొక్కటీ బయటికి వచ్చాయి. ఆకుపచ్చవి, తేనె రంగువి. టీచరమ్మ తన గిన్నెను చంటిబిడ్డలా ఎత్తుకుంది.

ఆఖర్న అవ్వ పక్కకు తప్పుకుంది. "నీది నువ్వే తీసుకో డాక్టరూ."

మాల్యాద్రి వంగి చూశాడు. ఆహా, ఏం గిన్నె! వానాకాలపు సముద్రం రంగు. అంచు దగ్గర కొంచెం నురగలాంటి తెలుపు. అది తన చేత్తో చేసిందంటే అతనికే నమ్మకం కలగలేదు. హైమావతి వెనక నుంచి చూసి "అమ్మో, ఎంత బాగుందండీ!" అంది, మనస్ఫూర్తిగా.

రెండు చేతులూ చాచి గిన్నెను పట్టుకున్నాడు. ఎత్తాడు.

గిన్నె రాలేదు.

ఇంకొంచెం గట్టిగా లాగాడు. పలక కదిలింది గానీ గిన్నె కదల్లేదు. పాదానికి పూసిన పూతంతా కరిగి, గాజైపోయి, గిన్నెనూ పలకనూ కలిపి పట్టేసుకుంది. ఇంక అవి రెండు కాదు, ఒకటే.

వెనక్కి తిరిగి చూడాలంటే డాక్టరుకు భయం వేసింది. వెనక హైమావతి ఉంది, చక్కిలాల డబ్బా ఉంది, తన ఒట్టు ఉంది.

"సుత్తి ఇయ్యి జిలానీ" అన్నాడు. "పగలగొట్టేస్తా."

"గమ్మునుండు" అంది అవ్వ. "మన పద్ధతి ఏంది? బట్టీలోంచి వచ్చిన గిన్నెలో ముందు నేను తాగాల గదా. పలకతో సహా పట్టుకురండి."

డాక్టరూ కండక్టరూ చెరోవైపు పట్టుకుని, ఆ పలకను పల్లకీలో పెళ్ళికొడుకులా మోసుకొచ్చి అరుగు ముందు నేల మీద దించారు. అవ్వ దాని ముందు చతికిలబడి కూర్చుంది. గిన్నె నిండా అంబలి పోసింది. అందరూ చూస్తున్నారు.

అవ్వ రెండు చేతులతో గిన్నెను ఎత్తబోయింది. ఊహూఁ. ఎడమవైపు నుంచి ప్రయత్నించింది. ఊహూఁ. సరేనని పైట బొడ్లో దోపుకుని, చేతులు నేల మీద ఆనించి, ముందుకు వంగి, గిన్నెలో మూతి పెట్టింది. దూడ కుడితి తాగినట్టు జుర్రుమని చప్పుడు చేస్తూ తాగింది. తల ఎత్తేసరికి ముక్కు కొసన అంబలి బొట్టు.

"బెమ్మాండంగా ఉండాది" అంది. "రంగు బాగుండాది. అంచు పెదానికి హాయిగా ఉండాది. రా డాక్టరూ, నువ్వూ తాగు."

"నేనా? ఇట్లానా అవ్వా?"

"ఇంకెట్టా తాగుతావు? కానియ్యి."

మాల్యాద్రి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చేతులు నేలకు ఆనించాడు. వంగాడు. మూతి అంబలికి తగిలిందో లేదో, కళ్ళజోడు జారి గిన్నెలో పడింది, బుడుంగుమని.

మొదట నవ్వింది హైమావతి. ఆపుకుందామని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, కానీ ఆగలేదు. జిలాని అరుగు పట్టుకుని నవ్వాడు. టీచరమ్మ కళ్ళు తుడుచుకుంది. గడ్డం నిండా అంబలితో మాల్యాద్రి తల ఎత్తి అందర్నీ చూశాడు. తర్వాత తనకూ నవ్వొచ్చింది. ఎంత నవ్వొచ్చిందంటే, అట్లాగే నేల మీద కూలబడి పొట్ట పట్టుకున్నాడు. ఆ తోటలో అతను అట్లా నవ్వడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

నవ్వులు సద్దుమణిగాక అవ్వ తన ముక్కు తుడుచుకుంది.

"ఎట్టా అతుక్కుందో తెలుసునా డాక్టరూ?"

తెలుసవ్వా అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. మాల్యాద్రి దాన్ని మింగేశాడు.

"మీరు చూశాక నేనే మళ్ళీ పూశానవ్వా. దొంగతనంగా."

"గిన్నె నా చేతికి ఇచ్చినప్పుడే చూశా గదా."

"చూశారా! మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏమంటావు?"

డాక్టరు తల గోక్కున్నాడు.

"తెలుసవ్వా అంటా" అన్నాడు.

అవ్వ తలూపింది. మూలనున్న ఆ పలకను అవ్వ ఎందుకు తెప్పించిందో అతనికి అప్పుడు అర్థమైంది. అది ఒక మూల విరిగిన పాత పలక. పోయినా పర్వాలేదు. పై పలకల మీదున్న ఎవరి గిన్నెకూ చిన్న దెబ్బ తగల్లేదు. అతనికి సిగ్గేసింది, ఆవిడ మీద బోలెడంత ప్రేమ కూడా పుట్టింది.

ఇంతలో బేగం వచ్చింది. ఎవర్నీ లెక్కచేయకుండా మనుషుల మధ్య దూరి, మిగిలిన అంబలి నాకేసింది. అలవాటు చొప్పున గిన్నెను ఒక తన్ను తన్నింది. గిన్నె కదల్లేదు. మేక ఆశ్చర్యపోయి ఇంకొకటి తన్నింది. ఉలుకూ పలుకూ లేదు. బేగం తలెత్తి అవ్వ వైపు చూసిన చూపు చూసి తీరాల్సిందే.

"ఇన్నాళ్ళకు దొరికాడే నీ మొగుడు!" అంది అవ్వ సంబరంగా. ఆ పలకను బావి పక్కన పెట్టించి, నిండా నీళ్ళు పోయించింది.

అప్పుడు హైమావతి మెల్లిగా అంది. "ఏమండీ, మరి మీ ఒట్టు?"

మాల్యాద్రి మొహంలో నవ్వు టక్కున ఆరిపోయింది. అంత గొడవలో ఒట్టు సంగతి మర్చేపోయాడు.

"ఏం ఒట్టు?" అంది అవ్వ.

అతను తల దించుకుని చెప్పాడు. "ఈసారి నా గిన్నె అలమర ఎక్కకపోతే జన్మలో మట్టి ముట్టనని ఒట్టేసుకున్నానవ్వా." ఆ షెడ్డూ, సారె, ఆదివారాలూ అన్నీ చేజారిపోతున్నట్టే అనిపించింది.

"గిన్నె ఎక్కలా" అంది అవ్వ.

"ఎక్కలేదు."

"అయితే ఇంక మట్టి ముట్టవు."

"ముట్టను" అన్నాడు, ఏడుపు ఒక్కటే తక్కువగా.

"మరి ఆ చేతిలో అదేంది?"

మాల్యాద్రి చేతిలోకి చూసుకున్నాడు. ఎప్పుడు తీసుకున్నాడో, ఎక్కడ తీసుకున్నాడో, నిమ్మకాయంత పచ్చి మట్టి ముద్ద. మాట్లాడినంతసేపూ దాన్ని వేళ్ళతో నొక్కుతూ, బొటనవేలితో లోతు చేస్తూనే ఉన్నాడు. అప్పటికే అది చిన్న గిన్నె అయి కూర్చుంది.

ఈసారి అందరికన్నా ముందు నవ్వింది అవ్వ.

"ఒట్టు తీసి గట్టున పెట్టండి" అంది హైమావతి. "ఇదిగో, చక్కిలాలు తినండి."

ఆ వేళ కూడా మాల్యాద్రి అంబలి స్టీలు గ్లాసులోనే తాగాడు. హాయిగా తాగాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళు పట్టింది. మధ్యలో ఎన్నో గిన్నెలు పోయాయి. అవ్వ "మట్టిలో గాలి బుడగ ఉంటే..." అని మొదలుపెడితే, మాల్యాద్రి చేతులు కట్టుకుని "ఉంటే ఏమవుతుందవ్వా?" అని అడిగేవాడు. అవ్వ ముందు అనుమానంగా చూసేది. తర్వాత చెప్పేది. కాలేజీలోనే అయిపోయిందన్న ఓపికంతా అప్పుడు బయటికొచ్చింది.

చివరికి ఒక ఆదివారం అతని గిన్నె బట్టీలోంచి చేతికి ఊరికే వచ్చేసింది. పాత దానంత అందగత్తె కాదది, మామూలు తేనె రంగు. అవ్వ దాన్ని తిరగేసి, బోడి పాదం మీద బొటనవేలు రాసి చూసి, అంబలి పోసుకుని తాగింది. ఏమీ అనకుండా కడిగి, జిలాని ఒంకర గిన్నె పక్కన పెట్టింది.

స్టీలు గ్లాసు అప్పటికి వేరేవాళ్ళ చేతికి పోయింది. హైమావతి కూడా మట్టిపనిలో చేరింది మరి.

ఆవిడ మొదటి గిన్నెకు గ్లేజు పూసే రోజు వచ్చింది. పాదం తుడవమని అవ్వ చెప్పింది. ఆ రోజు నవ్వుల్లో గిన్నె ఎందుకు అతుక్కుందో పట్టించుకోని హైమావతి, స్పాంజి పట్టుకుని మొహం చిట్లించింది.

"ఏమండీ, కింద ఇట్లా బోడిగా వదిలేస్తే ఏం బాగుంటుంది చెప్పండి? ఎందుకు తుడవాలట?"

మాల్యాద్రి గొంతు సవరించుకున్నాడు. చెప్పాలంటే అతని దగ్గర ఇప్పుడు అరగంట ఉపన్యాసానికి సరిపడా సరుకుంది. నోరు తెరిచాడు. మూశాడు.

భార్య చెయ్యి పట్టుకుని బావి దగ్గరికి తీసుకెళ్ళాడు. అక్కడ బేగం సముద్రం రంగు గిన్నెలో తాపీగా నీళ్ళు తాగుతోంది.

"ఆ గిన్నె కాస్త ఎత్తి ఇటివ్వు" అన్నాడు.

హైమావతి వంగింది. రెండు చేతులతో పట్టుకుని లాగింది. మేక తలెత్తి ఆవిడ మొహంలోకి చూసింది.

అరుగు మీద నుంచి అవ్వ ఇదంతా చూస్తూనే ఉంది. మాల్యాద్రి తిరిగి వచ్చి కూర్చున్నాక, అతని గిన్నెలో ఇంకో గరిటె అంబలి పోసింది.